డాబా ఖాళీ అని నొక్కిన వేలు

పోయినవారం మన గంటల మేస్త్రీని మేనేజరు గది బయట బల్లమీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ అలాగే కూర్చుని ఉన్నాడు. ఈపాటికి నడుం పట్టేసి ఉంటుంది, ముందు అతన్ని లేపాలి. లేపేలోగా, ఆలస్యంగా వచ్చి వెనక వరసలో కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. తెలిసినవాళ్లు కాసేపు కాళ్లు చాపుకోండి.

ఆ మేడకి పద్నాలుగు అంతస్తులు, నిండా ఆఫీసులు. ఎంత ఎత్తంటే, పై అంతస్తులోంచి గొడుగు జారవిడిచినవాడు లిఫ్టులో కిందికి దిగి, టీ తాగి, తల పైకెత్తితే గొడుగు అప్పుడే దిగుతూ కనపడిందట. ఆ మేడలో మోగేవన్నీ మన మేస్త్రీ చేతికింద ఉండేవే. నిప్పుగంట, దొంగగంట, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు కొట్టే గంట. పేరు అలా వచ్చింది. ఏడాది కిందట అతను వాటన్నిటినీ, తలుపుల తాళాలతో సహా, ఒక పెట్టెకి కలిపాడు. వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక రాగానే ఆ పెట్టె ఎవర్నీ అడక్కుండా తన పని మొదలుపెడుతుంది. పసుపు హెచ్చరికైతే మైకుల్లో చెప్పి ఊరుకుంటుంది. నారింజ రంగైతే డాబా తలుపూ బాల్కనీ తలుపులూ మూసి తాళాలు బిగిస్తుంది. ఎరుపైతే లిఫ్టుల్ని కిందికి దింపి, అద్దాలకి దూరంగా లోపలి నడవాల్లోకి పొమ్మని జనాన్ని తరుముతుంది.

మూడు రోజుల కిందట మధ్యాహ్నం నారింజ హెచ్చరిక వచ్చింది. వెనకాలే ఈదురుగాలి, దాని వెనక వడగళ్లు. ఒక్కోటి నిమ్మకాయంత అని పేపర్లో వేశారు. కళ్లారా చూసినవాళ్లు బత్తాయంత అంటున్నారు. ఇంకో నెలాగితే గుమ్మడికాయంత అవుతుంది, అది వేరే సంగతి. తలుపు మూసుకున్నప్పుడు డాబా మీద మొక్కలకి నీళ్లు పోసే పెద్దావిడ ఉంది. మొక్కలమ్మ అంటారందరూ. ముప్ఫై అయిదు నిమిషాలు ఆ వడగళ్లలో ఉంది. హెచ్చరిక తగ్గి తాళం తనంతట తను వదిలాక పైకెళ్లిన ట్యాంకు మనిషికి తలుపు మొదట్లో ముడుచుకుని కనపడింది. కుడిచెయ్యి విరిగింది, తలకి పదకొండు కుట్లు పడ్డాయి. ఇంకా మాట రాలేదు.

తప్పు డేగ మామయ్యది అన్నారు. ఆయన ఆ మేడకి కాపలా పెద్ద, మన మేస్త్రీకి పిల్లనిచ్చిన మామ. నారింజ హెచ్చరిక వస్తే తాళం పడేముందు పెట్టె అయిదు నిమిషాలు ఆగుతుంది. ఆలోగా ఆయన డాబా ఎక్కి, నాలుగు మూలలూ చూసి, మెట్ల పైనున్న ‘డాబా ఖాళీ’ అనే మీట నొక్కాలి. మీట నొక్కారు. డాబా ఖాళీగా లేదు. ఇవాళ విచారణ.

ఇంతవరకూ మేడంతా ఎరిగిందే. మేడ ఎరగని ముక్క ఒకటుంది. అది బల్లమీద పక్కపక్కన కూర్చున్న ఆ మామా అల్లుళ్లిద్దరికే తెలుసు.

"కాలు ఊపకు అల్లుడూ, బల్ల కదులుతోంది," అన్నాడు మామయ్య. ఇస్త్రీ చేసిన కాపలా చొక్కా వేసుకొచ్చాడు. ఎప్పుడూ వదిలేసే మెడ గుండీ కూడా ఇవాళ పెట్టుకున్నాడు, చొక్కా ఊడబెరుక్కుంటారేమోనని భయపడ్డట్టు.

"మామయ్యా, నేను చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"కింది మీట సంగతి."

"ఏ మీట?" అన్నాడాయన. ఆ మొహం చూస్తే అప్పుడే పుట్టిన బిడ్డకి కూడా అంత అమాయకత్వం ఉండదు.

అదీ ముక్క. ఆరునెలల కిందట మామయ్య మోకాళ్లు మొరాయించాయి. లిఫ్టు పద్నాలుగో అంతస్తుతో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి డాబాకి ఇరవై ఎనిమిది మెట్లు. ఆయన నోరు తెరిచి అడగలేదు, అడిగే రకం కాదు. మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం మేస్త్రీయే చూశాడు. ఒక ఆదివారం మేడ ఖాళీగా ఉన్నప్పుడు వైరు లాగి, గేటు దగ్గర మామయ్య బల్ల అడుగున రెండో మీట బిగించాడు. మామలు అల్లుళ్లకి వాచీలు పెట్టడం విన్నాం. అల్లుడు మామకి మీట పెట్టడం ఇక్కడే. "కెమెరాలో చూసుకుని కూర్చున్నచోటే నొక్కెయ్యండి మామయ్యా, ఇంక ఎక్కక్కర్లేదు," అన్నాడు. మామయ్య అతని భుజం మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బ మేస్త్రీకి పతకం తగిలించినట్టు ఉండిపోయింది.

కెమెరాకి డాబా మూడు మూలలే కనపడతాయి. నాలుగో మూల తీగల పందిరి కింద ఉంది. మొక్కలమ్మ ఆ మూలనే ఉంది.

"చూడు," అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. "లోపలికెళ్లాక నువ్వు నోరిప్పకు. మాటలు నీ పని కాదు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు అందరూ మా అమ్మాయిని చూస్తారా అంటే నువ్వు మా గోడమీద స్విచ్చుబోర్డు చూసి, ఇది తలకిందులుగా బిగించారండీ అన్నావు. అప్పుడే అనుకున్నాను, వీడు వైర్లతో తప్ప మనుషులతో పనికిరాడని."

"బోర్డు తలకిందులుగానే ఉంది."

"ఉంది. అయితే ఏంటి? ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాను. ఇంకో ఏడాది ఉంది. ఏడాది ముందు పోతాను, అంతేకదా. నీకు ముందుంది బోలెడు కాలం. నీ చేతిలో తప్పుందని తెలిస్తే రేపు ఏ మేడలో నీచేత గంట కట్టిస్తారు?"

మేస్త్రీ తలొంచుకున్నాడు. ఎందుకంటే మామయ్యకి తెలిసింది సగమే. రెండో సగం మేస్త్రీ ఒక్కడికే తెలుసు. మీట ఒక్కటే అయితే మొక్కలమ్మ తడిసేది, భయపడేది, తలుపు తీసుకుని లోపలికొచ్చేది. ఆమె ఎందుకు లోపలికి రాలేకపోయిందో మూడు రోజులుగా మేడలో ఒక్కరూ అడగలేదు. తాళం పడింది కాబట్టి రాలేదు అనుకున్నారు. నిన్న సాయంత్రం అతను ఆస్పత్రిదాకా వెళ్లాడు. గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్లే మొహం లేక, రోడ్డు దాటి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా వాచీ చూసుకుని తిరిగొచ్చేశాడు.

తలుపు తెరుచుకుంది. "రండి," అన్నాడు మేనేజరు.

మేనేజరు పొడుగు మనిషి. ఆయన వానలో నిలబడితే తల తడిసిన కాసేపటికిగానీ కాళ్లకి సంగతి తెలియదంటారు. చెడ్డవాడు కాదు. కాకపోతే కాగితం మీద గీత కొట్టే అలవాటు. ఎవరేం చెప్పినా ఎదురుగా ఉన్న జాబితాలో ఏదో ఒకటి కొట్టేస్తాడు. ఆయన అలా కొట్టేస్తుంటే ఎదుటివాడికి తనలో ఏదో ముక్క తెగిపోతున్నట్టు ఉంటుంది.

"పెద్దాయనా, సూటిగా అడుగుతాను. ఆ రోజు డాబా ఎక్కావా?"

"ఎక్కాను సార్."

"నాలుగు మూలలూ చూశావా?"

"చూశాను."

"ఆవిడ అక్కడే ఉంది కదా మరి."

మామయ్య గోడవైపు చూశాడు. "కంట పడలేదు సార్. వయసైపోయింది. కళ్లు ఇదివరకట్లా లేవు."

గది చల్లబడినట్టయింది. ఎందుకో చెబుతాను. ఆయన్ని డేగ అనేది ఊరికే కాదు. ఒకసారి కాగితాల కట్ట ఎత్తుకుపోతున్నవాణ్ణి, వీధి చివర వెనక్కి తిరిగి ఉన్నవాణ్ణి, బూటు మడమ అరిగిన తీరు చూసి పట్టుకున్నాడు. మూడో అంతస్తు కిటికీలో పావురం కూర్చుంటే అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేవాడు. అలాంటి మనిషి నోటితో నా కళ్లు పోయాయి అంటున్నాడు. ఇరవై ఎనిమిది మెట్లు ఎక్కలేదని ఒప్పుకోవడం తేలిక. ఆ మాట అంటే అల్లుడి మీట బయటపడుతుంది. అందుకని కళ్లనే ఇచ్చేశాడు.

"డేగ కంటికే కనపడలేదంటే ఇంక నేనేం రాసేది," అన్నాడు మేనేజరు, కొంచెం వెటకారంగా, కొంచెం బాధగా. జాబితాలో ఒక గీత కొట్టాడు.

ఆ గీత చప్పుడు మేస్త్రీ చెవిలో పడింది.

"ఆయన ఎక్కలేదు సార్," అన్నాడు.

"అల్లుడూ," అన్నాడు మామయ్య.

"ఎక్కక్కర్లేకుండా నేనే చేశాను. కింద ఆయన బల్లకి ఇంకో మీట పెట్టాను. ఎవర్నీ అడగలేదు. ఆయనా అడగలేదు. అది ఒకటి. రెండోది ఇంకా ఉంది సార్." ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి, ఊపిరి పీల్చకుండా చెప్పుకుపోయాడు. "డాబా తలుపు తాళం పడ్డా, బయటివైపు నుంచి పిడి తిప్పితే తెరుచుకోవాలి. అది పద్ధతి. లోపలివాడు బయటికి పోకూడదుగానీ, బయటున్నవాడు లోపలికి రాగలగాలి. ఆ పిడి వదులైపోయి, గాలికి తలుపు కొట్టుకుని, వారంలో నాలుగుసార్లు ఊరికే గంట మోగింది. నాలుగోసారి మీరు కేకలేశారు. గుర్తుందా? అప్పుడు కొత్త పిడి వచ్చేదాకా రెండు రోజులకని రెండువైపులా తాళం పడేట్టు పెట్టెలో మార్చాను. కొత్త పిడి మర్నాడే వచ్చింది. నా సొరుగులో పెట్టాను. పదకొండు రోజులైంది. అట్ట కూడా విప్పలేదు. మర్చిపోయాను సార్. ఆవిడ పిడి తిప్పుతూనే ఉండి ఉంటుంది. అది నేను మూసిన తలుపు."

మేనేజరు కలం ఆగింది.

మేస్త్రీ మాత్రం మేనేజరుని చూడటంలేదు. మామయ్యని చూస్తున్నాడు. మామయ్య మొహంలో ఇందాకటి అమాయకత్వం లేదు. నీళ్లలో పడ్డ మనిషి మొదట ఏమీ అనడు చూడండి, అలా ఉంది. మూడు రోజులుగా తను దేన్ని కప్పుతున్నాడో ఆయనకి ఇప్పుడే తెలిసింది. ఆయన కనురెప్పలు రెండుసార్లు పడ్డాయి. మూడోసారి పడేసరికి పాత మనిషి అయిపోయాడు.

"వాడి మాటలు పట్టించుకోకండి సార్," అన్నాడు నవ్వుతూ. "నిన్న రాత్రంతా మా అమ్మాయి ఏడ్చింది. అది చూళ్లేక ఇది కల్పించాడు. నేను ముందే అన్నాను, అబద్ధం ఆడాలంటే నీకు తెలివి చాలదు, ఊరుకో అని. రెండో మీటట. నా బల్లకింద. నాకు తెలీకుండా నా బల్లకింద చీమ పాకదు సార్."

"కల్పించలేదు సార్, వచ్చి చూడండి."

చూశారు. ముగ్గురూ లిఫ్టులో కిందికి దిగారు. అంత పొడుగు మేనేజరూ గేటు దగ్గర బల్లముందు మోకాళ్లమీద కూర్చుని, తల వంచి, అడుగున చూశాడు. పక్కన మేస్త్రీ వంగాడు. మీట లేదు. వైరు లేదు. చెక్కకి కొత్తగా రుద్దిన వార్నీషు వాసన. ఎంత పని చేశాడో చూడండి పెద్దాయన, మోకాళ్లు లేవని ఇరవై ఎనిమిది మెట్లు ఎక్కలేనివాడు, అదే మోకాళ్లమీద బల్లకింద దూరి, మరలు ఊడదీసి, కన్నాలు పూడ్చి, రంగు వేశాడు.

మేనేజరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకూ ఇద్దరున్నారయ్యా అల్లుళ్లు," అన్నాడు. "ఒకడు నా కారు తీసుకెళ్లి గోడకి కొట్టి, గోడ అడ్డమొచ్చింది మామగారూ అన్నాడు. రెండోవాడు నేను ఫోన్ చేస్తే గొంతు మార్చి, ఆయన ఇంట్లో లేరంటాడు. నువ్వేమో మామ కోసం నీ పొట్ట నువ్వే కొట్టుకుంటున్నావు. తప్పు నామీద వేసుకుంటానని వచ్చినవాణ్ణి ఈ మేడలో ఇంతవరకూ చూళ్లేదు."

"అది కాదు సార్—"

"వద్దు. ఇంక అనకు. నా దగ్గర నువ్వు పెద్దవాడివైపోయావు."

గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు కాపలావాళ్లు విన్నారు. వాళ్లు టీ ఆవిడకి చెప్పారు. టీ ఆవిడ చెవిలో పడిన మాట లిఫ్టుకన్నా ముందు పద్నాలుగో అంతస్తు చేరుతుంది, అది ఆ మేడలో తెలిసిన విషయమే. పావుగంట తిరక్కుండా మేస్త్రీ చేతిలోకి ఎవరో టీ గ్లాసు పెట్టారు. ఎవరో "దండం పెట్టాలయ్యా నీకు" అన్నారు. టైపు కొట్టే అమ్మాయి వచ్చి, మా ఇంట్లో కూడా చెప్తానంది. ఒక్కో మెచ్చుకోలూ చొక్కాలోపల నిప్పు వేసినట్టుంది. తిట్టి ఉంటే తల ఎత్తుకుని నిలబడేవాడేమో. పొగుడుతుంటే నేల చీలితే బాగుండుననిపించింది. టీ చల్లారిపోయి, మీగడ కట్టి, చేతిలోనే ఉండిపోయింది.

"పెట్టెలో రికార్డు ఉంటుంది సార్," అన్నాడు మళ్లీ మేనేజరు వెంట పడి. "ఏ మార్పు ఎవరు చేసినా, ఏ తలుపు దగ్గర ఎవరు ఏం నొక్కినా అందులో ఉంటుంది, రోజూ గంటా నిమిషంతో సహా. తాళం ఆ రాత్రే మళ్లీ సరిచేశానుగానీ, నేను చేసింది నా నంబరు కింద ఉంటుంది. అది చూస్తే నమ్ముతారు కదా."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. జాలిగా చూశాడు. "మూడున్నర. అయిదింటికి నా కాగితం యజమానులకి వెళ్లిపోతుంది. నీ తృప్తి కోసం, అప్పటిలోగా ఆ రికార్డు నా బల్లమీద పెట్టు. లేకపోతే పెద్దాయన ఇవాళ సాయంత్రమే చొక్కా అప్పజెప్పి వెళ్లాలి. నాకూ ఇష్టం లేదుగానీ తప్పదు. ఇంకోటి, ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మొక్కలమ్మ కళ్లు తెరిచిందట. రేపు పొద్దున్న మాట్లాడించొచ్చు అన్నాడు డాక్టరు."

అని వెళ్లిపోయాడు.

మామా అల్లుడూ మెట్ల దగ్గర మిగిలారు.

"తలుపు సంగతి నిజమేనా?" అన్నాడు మామయ్య. నెమ్మదిగా, ఇంట్లో నిద్రపోయేవాళ్లు లేస్తారేమో అన్నట్టు.

"నిజమే మామయ్యా."

"మీట సంగతి నీమీద రాకూడదనే ఇదంతా చేశాను. ఆవిడ తలుపు తీసుకోలేకపోయిందన్నమాట."

"అవును."

"తిప్పుతూ ఉండి ఉంటుంది."

ఇందాకటి నుంచీ మామయ్య చెయ్యి మేస్త్రీ మోచేతిని పట్టుకుని ఉంది. ఆయన ఆ చెయ్యి తీసేశాడు. విదిలించలేదు, తోసెయ్యలేదు, అరువు తెచ్చిన వస్తువు తిరిగి పెట్టేసినట్టు మెల్లగా తీసేశాడు. తర్వాత ఆయన రెండో అంతస్తులో తన అల్మారా ఖాళీ చేసుకోవడానికి వెళ్లాడు. లిఫ్టు తలుపు తెరుచుకుని ఎదురుగానే ఉంది. ఆయన మెట్లు ఎక్కాడు. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని. మేస్త్రీ కిందే నిలబడి, ఆయన కనపడినంతవరకూ చూశాడు. పట్టుకుందామని ఒక అడుగు వేసి, వెనక్కి తీసుకున్నాడు. ఏ చెయ్యి పెట్టుకుని పట్టుకుంటాడు?

పెట్టె ఉండే గది కిందే, రిసెప్షన్ బల్ల వెనక. ఆ బల్ల దగ్గర కూర్చునేది మేస్త్రీ భార్యే, అంటే డేగ మామయ్య కూతురే. అతను వెళ్లేసరికి ఆమె ఫోన్లో ఎవరికో దారి చెబుతోంది. తలెత్తి అతన్ని చూసి, చటుక్కున చూపు దించేసుకుంది. నిన్నటి నుంచీ అలాగే ఉంది. నాన్న ఉద్యోగం గురించి దిగులు అనుకున్నాడతను.

గదిలోకి వెళ్లి తెర వెలిగించాడు. తన నంబరు కొట్టాడు. రికార్డు తీశాడు.

తెల్లగా ఉంది.

మొదట తెర పాడైందనుకున్నాడు. కిందికి లాగాడు, పైకి లాగాడు. నెలకిందటివి ఉన్నాయి. గడిచిన పదిహేను రోజులవీ లేవు. తను తాళం మార్చిన రోజు లేదు. వడగళ్ల రోజు లేదు. వాటి జాగాలో ఒకే ఒక్క వరస: ఇవాళ, మధ్యాహ్నం పన్నెండు నలభై, పదిహేను రోజుల రికార్డు తీసివేయడమైనది. చేసిన నంబరు అతనిదే.

పన్నెండు నలభైకి అతను మూడో అంతస్తులో నిప్పుగంట చూస్తున్నాడు.

ఆ నంబరు వాళ్ల పాప పుట్టినరోజు. ఆమధ్య అతనికి జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నప్పుడు పెట్టె మొరాయిస్తే, ఫోన్లో ఆ నంబరు చెప్పి, ఇది నొక్కు, అది నొక్కు అని ఒక్కరిచేత చేయించాడు. ఒక్కరికే చెప్పాడు.

వెనక తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. అతను తిరగలేదు.

"చూసేశారా?" అంది ఆమె.

"ఎందుకు చేశావు?"

ఆమె లోపలికొచ్చి తలుపు వేసింది. బయట ఫోన్ మోగుతోంది. వెళ్లలేదు.

మేస్త్రీ మనసులో ఒక పాడు పని జరిగింది. చెప్పకపోతే అబద్ధమవుతుంది కాబట్టి చెబుతున్నాను. తండ్రి చొక్కా పోతుందని తెలిసి కూడా ఈ మనిషి నన్నే ఎంచుకుంది అని, ఆ గిలగిలలోనే ఎక్కడో ఒక చిన్న వెచ్చదనం కలిగింది. కలిగినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా వెచ్చదనం పోలేదు.

"నా కోసం ఇంత పని చేస్తావా?" అన్నాడు. "మీ నాన్న పైన అల్మారా ఖాళీ చేసుకుంటున్నాడు. నేను మార్చినట్టు సాక్ష్యం ఇదొక్కటే. ఇప్పుడు నేనేం చెప్పినా మామ కోసం అబద్ధమాడుతున్నానంటారు. నన్ను కాపాడమని నిన్నెవరడిగారు?"

ఆమె అతన్ని వింతగా చూసింది. నిజంగా ఏం మాట్లాడుతున్నాడో అర్థంకానట్టు.

"మీరేం మార్చారు?"

ఇప్పుడు అతను తిరిగాడు.

"నీకు తెలీదా?"

"తెలీదు. మీది కూడా అందులో ఉందని నాకు తెలీదు." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "ఏరి ఒక్కటే తీసెయ్యడం నాకు రాలేదు. అందుకని మొత్తం తీసేశాను. మీ కోసం కాదండీ."

బయట ఫోన్ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"డాబా తలుపు పక్కన మాట్లాడే డబ్బా ఉంది కదా, మీరు బిగించిందే," అంది. "అది నొక్కితే నా బల్లమీద మోగుతుంది, నేను ఎత్తినా ఆపినా ఈ రికార్డులో పడుతుంది. ఆ రోజు హెచ్చరిక రాగానే అన్ని అంతస్తులవాళ్లూ ఒక్కసారే మీదపడ్డారు. కిందికి రావచ్చా, కారు తియ్యొచ్చా, బాల్కనీ తలుపు ఎందుకు తెరుచుకోవట్లేదు. ఎదురుగా ఇరవైమంది నిలబడి అరుస్తున్నారు. బల్లనిండా దీపాలే. రెండుసార్లు ఎవరో కూడా చూడకుండా నొక్కి ఆపేశాను. మూడోసారి ఎత్తాను."

"ఎత్తావా?"

"ఒకటే హోరు. రాళ్లు పడుతున్నట్టు చప్పుడు. మధ్యలో గొంతు. రోజూ పొద్దున్నే వచ్చి నా బల్లమీద ఒక పువ్వు పెట్టి వెళ్తుందండీ ఆవిడ. నాకు తెలీకుండా పోతుందా ఆ గొంతు? ఆవిడా నన్ను పోల్చుకుంది. ‘అమ్మాయ్, నువ్వేనా’ అంది."

మేస్త్రీకి అడగాలని లేదు. అడిగాడు.

"నువ్వేమన్నావు?"

"‘ఒక్క నిమిషం ఉండమ్మా’ అన్నాను," అంది. "అని పెట్టేశాను."